ఇజు తీరంలో ర్యోకాన్ బస: శ్రీసిటీ, తిరుపతి నుంచి వెళ్లేవాళ్లకు

శ్రీసిటీలోని జపాను కంపెనీల తరఫున శిక్షణకు వెళ్లేవాళ్లు, వాళ్ల వెంట వెళ్లే ఇంటివాళ్లు టోక్యో దగ్గర్లో ఒక రాత్రి ర్యోకాన్‌లో, అంటే జపాను సంప్రదాయ సత్రంలో, గడపాలనుకుంటే ఇజు ద్వీపకల్పపు తూర్పు తీరమే సులువు. అతామి, ఇతో, అతగావా, ఇనాతోరి, ఇవన్నీ ఒకే రైలు దారిలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లు. అన్నిచోట్లా వేడినీటి ఊటలున్నాయి. ఇక్కడ ఒక్క సత్రం పేరు పట్టుకుని రాయడం లేదు. ఆ తీరంలో మధ్యరకం ర్యోకాన్‌లో ఏం దొరుకుతుంది, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది అన్నదే చెబుతున్నాం. నీళ్ల కోసమైతే తప్పక వెళ్లొచ్చు. తిండి దగ్గర మాత్రం శాకాహారులకు చిక్కులున్నాయి, వాటికి ముందే దారి చూసుకోవాలి.

రేటు చూసేటప్పుడే మొదటి పొరపాటు జరుగుతుంది. మన లాడ్జిల్లో గదికింత అంటారు, అక్కడ మనిషికింత. సైటులో 20,000 యెన్లని కనిపిస్తే ఇద్దరికి 40,000. వంద యెన్లకు 55 నుంచి 60 రూపాయలు వేసుకుంటే 22,000 నుంచి 24,000 రూపాయలు. రాత్రి భోజనం, పొద్దున టిఫిను అందులోనే. దీన్ని 'ఇప్పకు నిషొకు' అంటారు, అంటే ఒక రాత్రి, రెండు పూటలు. స్నానపు పన్ను వేరే, సాధారణంగా మనిషికి 150 యెన్లు. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు. శనివారం రాత్రి రేటు బాగా పెరుగుతుంది కాబట్టి ఆదివారం రాత్రికి వీలు చేసుకోగలిగితే మేలు.

టోక్యో నుంచి అతామికి కొదామా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో 50 నిమిషాల లోపే. నొజొమి అనే రైలు ఎక్కితే అతామిలో ఆగదు, షిన్-యొకొహామా దాటిందంటే నగోయా దాకా పోవాల్సిందే. ఇతో దాటాక లైను ప్రైవేటు కంపెనీది, జేఆర్ రైళ్లకు పర్యాటకులు కొనుక్కునే జేఆర్ పాసు చెల్లదు, అక్కడి నుంచి టికెట్ వేరుగా కొనాలి. పెద్ద సూట్‌కేసు వెంట లాక్కెళ్లొద్దు. అతామి అంతా కొండవాలు మెట్లే. తక్యూబిన్ అనే పార్సిల్ సేవకు అప్పగిస్తే మరుసటి రోజుకి తర్వాతి హోటల్‌కు చేరుస్తారు.

లోపలికి అడుగు పెట్టేది సాధారణంగా మధ్యాహ్నం 3కి, ఖాళీ చేసేది మర్నాడు 10కి. మీరు కొనుక్కుంటున్నది ఈ 19 గంటలు. రాత్రి 8కి చేరి, తిని, పడుకుని, పొద్దున్నే బయల్దేరే పనైతే మామూలు హోటల్ చాలు. పైగా రాత్రి భోజనం 6కో 6.30కో వడ్డిస్తారు. పది పన్నెండు రకాలు ఒకదాని తర్వాత ఒకటి వేడివేడిగా తెచ్చే పద్ధతి కాబట్టి వంటగది మనకోసం ఆగదు. ఆలస్యమైతే భోజనం పోతుంది, డబ్బు వెనక్కి రాదు.

ఇక నీళ్లు. 1948 నాటి జపాను చట్టం ప్రకారం ఊట దగ్గర నీరు 25 డిగ్రీలున్నా చాలు, లేదంటే 19 పదార్థాల్లో ఒక్కటైనా నిర్ణీత పాళ్లలో ఉన్నా చాలు, అది ఒన్‌సెన్ (వేడినీటి ఊట) అవుతుంది. కాబట్టి బోర్డు మీద ఆ మాట కనిపించినంత మాత్రాన తృప్తి పడొద్దు. బట్టలు మార్చుకునే గదిలో నీటి విశ్లేషణ పత్రం తగిలించి ఉంటుంది, చట్టం ప్రకారం ఉండి తీరాలి. దాని పక్కనే నాలుగు సంగతులు రాసి ఉండాలి: చన్నీళ్లు కలిపారా, కాచారా, అవే నీళ్లు వడగట్టి తిప్పుతున్నారా, క్లోరిన్ వేశారా. ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చదవండి, కానీ గది ఖాళీగా ఉన్నప్పుడే. బట్టలు విప్పే చోట ఫోన్ ఎత్తితే పెద్ద తప్పు. అందుకే బుక్ చేసే ముందు సైటులోనే చూసుకోవడం మంచిది. 'కకెనగాషి' అని ఉంటే ఊటనీరు వస్తూ పొంగి పోతూ ఉంటుందని అర్థం. మా ఓటు దానికే. అతగావాలో ఊట దాదాపు మరిగే వేడిలో వస్తుంది, కాబట్టి అక్కడ చల్లార్చడానికి కాస్త నీళ్లు కలపడాన్ని తప్పు పట్టలేం.

ఈ తీరంలో ఎక్కువగా ఉప్పు ఊటలే. నీళ్లు నోటికి తగిలితే ఉప్పగా ఉంటాయి. తొట్టిలోకి నీళ్లు పడే గొట్టం మూతి చూడండి: మన బోరునీళ్లకు గీజర్ కాయిల్ మీద తెల్లగా పెచ్చులు కట్టినట్టే, అక్కడ పొర మీద పొర పేరుకుని రాయిలా అయి ఉంటుంది. నీళ్లలోని ఉప్పే ఒంటి మీద పలచటి పొరగా నిలిచి చెమట ఆరనివ్వదు, అందుకే బయటికి వచ్చాక గంటసేపైనా ఒళ్లు వెచ్చగా ఉంటుంది. స్నానమయ్యాక మళ్లీ షవర్ కింద నిలబడి అదంతా కడిగేసుకోకండి. చర్మం సున్నితమైనవాళ్లు మాత్రం కడుక్కోవాలి. గంధకపు ఊటైతే వెండి నల్లబడుతుంది కాబట్టి మెట్టెలు, పట్టీలు గదిలోనే తీసి పెట్టండి.

అందరూ కలిసి దిగే తొట్టి ఒళ్లు కడుక్కునే చోటు కాదు. పుష్కరిణిలో సబ్బు రుద్దుకోం కదా, అలాగే. ముందు చిన్న పీట మీద కూర్చుని తల, ఒళ్లు సబ్బుతో కడగాలి. నిలబడి షవర్ తిప్పితే పక్కవాళ్ల మీద పడుతుంది. కొబ్బరినూనె పెట్టుకున్న తలైతే రెండుసార్లు షాంపూ వేయండి, లేకపోతే నీటి మీద నూనె తేలుతుంది. కాళ్లకు రాసిన పసుపు కూడా పూర్తిగా పోవాలి. జుట్టు పైకి ముడేయాలి. లోదుస్తులు, స్విమ్ సూటు ఏవీ పనికిరావు. చిన్న తువ్వాలు తొట్టిలో ముంచకుండా మడిచి నెత్తిన పెట్టుకోవడం అక్కడి అలవాటు. దిగేముందు కాళ్లతో మొదలుపెట్టి నడుం, భుజాల దాకా తొట్టి నీళ్లు ముంచి పోసుకోండి. 41, 42 డిగ్రీల నీళ్లు చెంబుతో పోసుకోవడం వేరు, మెడ దాకా మునగడం వేరు. మొదటిసారి మూడు నిమిషాలు చాలు. లేచి గట్టు మీద ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ దిగండి. గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి: వేడికి రక్తనాళాలు వదులై ఉంటాయి, ఒంటి మీద నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, బీపీ పడిపోతుంది. భోజనం చేసిన వెంటనే, మద్యం తాగాక దిగొద్దు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే వెళ్లాలి, చలికాలంలో సముద్రపు గాలి తగిలే ఆరుబయలు తొట్టికైతే మరీను.

నలుగురిలో నగ్నంగా స్నానం చేయడం మనవాళ్లలో చాలామందికి ఇబ్బంది, ముఖ్యంగా ఆఫీసువాళ్లతో కలిసి వెళ్తే. అందుకు మార్గం 'కషికిరి', అంటే తలుపు వేసుకుని మీకొక్కరికే వాడుకునే తొట్టి. 45, 50 నిమిషాలకు రెండు నుంచి నాలుగు వేల యెన్లు అడుగుతారు, కొన్నిచోట్ల ఉచితం. చేరగానే సమయం రాయించుకోండి. గదికే తొట్టి ఉన్న రకమైతే అందులో వచ్చేది ఊటనీరేనా అని అడగండి. 'రోతెన్‌బురో' అంటే ఆరుబయలు తొట్టి అని మాత్రమే, ఊటనీరని హామీ లేదు. ఇంకో సంగతి: చాలాచోట్ల టాటూ ఉంటే పెద్ద తొట్టిలోకి రానివ్వరు. పెద్దవాళ్ల చేతుల మీది పచ్చబొట్టు కూడా అదే లెక్కలోకి వస్తుంది. అమ్మనో అవ్వనో తీసుకెళ్తుంటే బుకింగ్ అప్పుడే చెప్పి, కషికిరి తీసుకోండి. అక్కడికెళ్లాక పెద్దామెను గుమ్మంలో ఆపితే ఆమె మనసు నొచ్చుకుంటుంది.

చేపలు తినేవాళ్లకు రాత్రి భోజనం పండగే. ఆ తీరపు కిన్‌మెదాయ్ అనే ఎర్రచేపను సోయా, పంచదారతో ఉడికించి పెడతారు. కారం ఉండదు, పులుపు ఉండదు, చేప రుచి చేపగా తెలుస్తుంది. పొద్దున కాల్చిన ఎండుచేప, అన్నం, మిసో చారు.

శాకాహారులకు అసలు చిక్కు దాషి. ఎండబెట్టిన చేప తురుముతో తీసిన ఈ రసం చారులో, ఉడికించిన కూరగాయల్లో, ముంచుకునే సాసులో, దాదాపు అన్నింట్లో ఉంటుంది. పళ్లెంలో వంకాయ ఒక్కటే కనిపించినా అది దాషిలో ఉడికిందే. 'వెజిటేరియన్' అంటే మాంసం తప్ప చేప తింటారని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇలా రాసి పంపండి: 'నికు తో సకానా వ తబెరరెమసెన్. కత్సువో దాషి మో దమె దెస్.' మాంసం, చేప తినలేం, చేప దాషి కూడా కుదరదు అని. సముద్రపు నాచు కొంబుతో దాషి తీయగల వంటవాళ్లుంటారు, కానీ ముందే తెలియాలి. కనీసం వారం ముందు చెప్పండి. అదే రోజు చెబితే అన్నం, ఊరగాయ, టోఫు తప్ప ఏమీ రాదు, అది వాళ్ల తప్పు కాదు. ఒప్పుకోకపోతే 'సుదొమారి', అంటే భోజనం లేని బస, తీసుకోండి. తీరం చిన్న ఊళ్లలో హోటళ్లు తొందరగా మూసేస్తారు కాబట్టి అతామిలో అయితేనే ఇది నయం. పప్పులపొడి, ఆవకాయ వెంట ఉంటే మంచిదే. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మాత్రం విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

గది గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఇచ్చిన స్లిప్పర్లతో కూడా గది నేలంతా పరిచి ఉండే చాప మీదికి అడుగు పెట్టకూడదు, మరుగుదొడ్డి స్లిప్పర్లు అక్కడే వదలాలి. పెట్టె చక్రాలు చాప మీద దొర్లించొద్దు. యుకాతా (వాళ్లిచ్చే నూలు అంగీ) తొడుక్కునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి పైకి వేసేది శవానికి. నేల మీద పరుపు మనవాళ్లకు హాయే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కింద కూర్చుని తినడం కష్టం, బల్ల, కుర్చీ ముందే అడగాలి.

పొద్దున స్నానం వదులుకోవద్దు. తీరం తూర్పుముఖం కాబట్టి ఆరుబయలు తొట్టిలో ఉండగానే సగామి అఖాతం మీద పొద్దు పొడుస్తుంది. చాలా ర్యోకాన్‌లలో ఐదింటికే తలుపు తీస్తారు. అయితే రాత్రికి రాత్రే ఆడ, మగ స్నానాల గదులు మార్చేసే పద్ధతి చాలాచోట్ల ఉంది, రెండు వైపుల దృశ్యమూ అందరికీ దక్కాలని. నిద్రమత్తులో నిన్నటి గుమ్మంలోకే వెళ్లిపోకుండా గుమ్మానికి వేలాడే తెర మీది గుర్తు చూసుకోండి.