ఎరుపుకి ఐదు స్టార్లు, పసుపుకి నాలుగు, నలుపుకి సున్నా

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి దగ్గర హార్డ్‌వేర్ షాపులో జనవరిలో గచ్చు సిమెంటులో కలిపే ఆక్సైడ్ పొడులు మూడు రంగులు కొన్నాను. షాపు పేరు రాయను, రోజూ ఆ దారినే వెళ్లాలి. వరండాకి టైల్స్ వద్దు, మా అమ్మమ్మగారింట్లో లాంటి ఎర్ర గచ్చే కావాలని పట్టుబట్టింది నేనే. నేలంతా ఎరుపు, అంచుకి నలుపు, గడప ముందు పద్మానికి పసుపు. మూడూ ఇనుము ఆక్సైడ్లే అని చెప్పి అమ్మాడు.

ఎరుపుకి వంక పెట్టడానికి లేదు. మా మేస్త్రీది కదిరి వైపు, పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి "బాగుందిక్కా, ఇటుక పొడి కలపలా" అన్నాడు. మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుందని ఒక్క రోజులోనే తాపీతో నున్నగా లాగేశాడు. వారం రోజులు నీళ్లు కట్టి, ఆరాక కొబ్బరినూనె గుడ్డతో రుద్దాం. ఎనిమిది నెలలుగా ఎండ నేరుగా పడుతున్నా రంగు దిగలేదు. ఎలా దిగుతుంది, అది పూర్తిగా తుప్పు పట్టేసిన ఇనుమే కదా, ఎండ దాన్ని కొత్తగా చేసేదేముంది.

పసుపు కూడా మంచిదే, ప్యాకెట్ అడుగున ఉండలు కట్టింది కాబట్టి ఒక స్టార్ తీసేశాను. మిగిలిన దాంట్లో చెంచాడు పాత గరిటెలో వేసి గ్యాస్ మీద పెట్టాను, మా ఆయన వద్దన్నా వినకుండా. కాసేపటికి ముదురు గోధుమరంగుకి తిరిగి, చల్లారాక అచ్చం ఇటుక ఎరుపైంది! పసుపు ఆక్సైడ్‌లో నీరు కలిసి ఉంటుంది, వేడికి అది పోతే మిగిలేది ఎర్రదే. మట్టి ఇటుక బట్టీలో ఎర్రబడేదీ చాలావరకు ఇలాగే.

ఇక నలుపు. మిగతా రెండిటికంటే చవగ్గా ఇచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తాపీ పెడుతుంటే నల్లటి తెట్టు పైకి తేలింది, "ఇది మసి మాదిరి ఉందిక్కా" అని మేస్త్రీ అంటే పట్టించుకోలేదు. జూన్ వానలకి అంచంతా బూడిదరంగుకి వచ్చేసింది, మెట్ల మీద నల్లనీళ్లు. అసలైన బ్లాక్ ఆక్సైడ్ అంటే మాగ్నటైట్ అనే ఇనుము ఆక్సైడ్, అయస్కాంతానికి అంటుకోవాలి. పాత స్పీకర్ అయస్కాంతాన్ని కాగితం కింద పెట్టి జరిపితే దీంట్లో ఒక్క నలుసు కదల్లేదు. వేరే షాపు పొడి మాత్రం వెంట్రుకల్లా నిక్కపొడుచుకుంది. నాకు అమ్మిన షాపతన్ని అడిగితే "నలుపు నలుపే కదా మేడమ్" అన్నాడు, డబ్బులు ఇవ్వలేదు.

పైగా ఈసారి అంచుకి నీలం వేయించుకోమని సలహా, అదీ ఐరనేనట. ప్రష్యన్ బ్లూ ఇనుముదే, కాదనను, 1700ల మొదట్లో బెర్లిన్‌లో ఎరుపు చేయబోతే పుట్టిన రంగు. కానీ సిమెంటు క్షారానికి అది విరిగిపోయి తుప్పురంగుకి దిగుతుంది. అంచు చెక్కి మళ్లీ పోయడానికి మేస్త్రీ దసరా తర్వాత వస్తానన్నాడు, నల్లపొడి తనే తెస్తాడట. అయినా అయస్కాంతం పెట్టి చూశాకే కలపనిస్తాను.