ఒంగోలులో మూడు రాత్రుల రాక్ కచేరీ: మొదటి రాత్రి టికెట్టు కొన్నవారికి దక్కినదెంత?

ఒంగోలు కర్నూలు రోడ్డు వైపున ఉన్న ఒక కల్యాణ మండపంలో శుక్ర, శని, ఆదివారాలు వరుసగా మూడు రాత్రులు ఒకే రాక్ బ్యాండ్ కచేరీ చేస్తున్నది. సభ్యులు అయిదుగురూ ఈ జిల్లావారే. సినిమా పాటలను తిరగ వాయించడం కాకుండా, తాము రాసుకుని బాణీ కట్టుకున్న తెలుగు పాటలనే పాడుతామనీ, ఏ రాత్రి పాటలు ఆ రాత్రివేననీ, ఒక రాత్రి వాయించినది మరో రాత్రి వాయించబోమనీ ముందే ప్రకటించారు. ఒక్కో రాత్రికి టికెట్టు రూ.499. సంగీత ప్రదర్శన టికెట్టు రూ.500 దాటకపోతే జీఎస్టీ ఉండదు, దాటితే 18 శాతం పడుతుంది కనుక ఆ ఒక్క రూపాయి తగ్గింపును ఉదారత అనుకోనక్కరలేదు గాని, పన్ను భారం మన మీద వేయకుండా ధర నిర్ణయించినందుకు సంతోషించవచ్చు. ఈ సమీక్ష శుక్రవారం రాత్రికి మాత్రమే పరిమితం. చెప్పవలసిన మాట ముందే చెబుతాను: సంగీతం చాలా బాగుంది, అది మన చెవికి చేరిన తీరు సగం కచేరీ వరకు బాగాలేదు, నిర్వాహకులు మాత్రం మొదటి రాత్రి శ్రోతలను తక్కిన రెండు రాత్రులకు ప్రయోగశాలగా వాడుకున్నారు.

ముందుగా హాలు సంగతి చూడాలి, ఎందుకంటే తప్పులో పెద్ద భాగం అక్కడే ఉంది. పెళ్లిళ్లకోసం కట్టిన మండపాలలో నేల పాలరాయి, గోడలు నున్నటి సిమెంటు, పక్కల అద్దాల తలుపులు ఉంటాయి. ఇవేవీ ధ్వనిని పీల్చుకోవు, అందుకున్నదాన్ని అందుకున్నట్టే వెనక్కి కొడతాయి. సినిమా హాలులో మెత్తటి కుర్చీలు మనిషి ఉన్నా లేకపోయినా ఇంచుమించు ఒకే మోతాదులో ధ్వనిని పీల్చుకుంటాయి కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు సరిచూసుకున్న సౌండ్ నిండిన తరువాత కూడా పెద్దగా మారదు. ప్లాస్టిక్ కుర్చీలు వేసిన మండపంలో అలా కాదు. అక్కడ ధ్వనిని పీల్చుకునేది వచ్చి కూర్చునే జనమే. ఆ జనం కూడా పై స్థాయి, మధ్య స్థాయి ధ్వనులనే ఎక్కువగా మింగుతారు గాని బేస్ (కింది స్థాయి ధ్వని) జోలికి దాదాపు పోరు. మధ్యాహ్నం ఖాళీ హాలులో సౌండ్ చెక్ చేసి, గణగణలాడుతున్నదని పై స్థాయిని తగ్గించి, ఆ లెక్కనే రాత్రికి ఉంచేస్తే, జనం నిండిన తరువాత మిగిలేది గుమ్ముగుమ్ముమనే మోత ఒక్కటే. శుక్రవారం సరిగ్గా అదే జరిగింది. గోడల వెంట పెళ్లి డెకరేషన్ వారి పలచటి గుడ్డలు కట్టించారు, ప్రతిధ్వని తగ్గుతుందన్న ఆశతో కాబోలు. బేస్ గిటార్ అన్నిటికన్నా కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. అంత పొడవైన తరంగానికి ఆ గుడ్డ అడ్డమే కాదు.

దీని దెబ్బ మొదట తగిలింది పాటల మాటలకు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి రాక్‌లో అవసరమైన దీర్ఘమైన ఆలాపనకు మన భాష హాయిగా ఒదుగుతుంది, ఈ గాయకుడు ఆ సౌలభ్యాన్ని బాగా వాడుకుంటాడు. అయితే పాట అర్థమయ్యేది హల్లుల వల్ల, హల్లుల స్పష్టత పై స్థాయి ధ్వనులలో ఉంటుంది. వాటిని ధ్వనుల పాళ్లు సరిచేసే మిక్సర్ దగ్గరే కోసేయడంతో మొదటి నాలుగు పాటలలో మాకు అచ్చులు మిగిలాయి, హల్లులు పోయాయి. గుండ్లకమ్మ జలాశయం గేటు కొట్టుకుపోయిన 2022 నాటి సంగతి మీద కట్టిన పాట ఒకటి ఆ నాలుగింటిలో ఉంది. నీళ్లన్నీ సముద్రం పాలవుతుంటే గట్టు మీద నిలబడి చూసిన రైతు మాటలుగా రాసిన ఆ పాట సాహిత్యం తరువాత వారి కరపత్రంలో చదివితే గాని నాకు తెలియలేదు, చదివాక ఆ పాట పోగొట్టుకున్నందుకు బాధ కలిగింది. వెనక వరుసల నుంచి ఎవరో “అన్నా, బేస్ కొంచెం తగ్గించన్నా” అని రెండు మూడుసార్లు అరిచారు. మిక్సర్ దగ్గరి కుర్రవాడు తల ఊపాడే తప్ప విరామం దాకా చేయి కదపలేదు.

వాయిద్యాల విషయంలో ఒక్క తప్పు నా చెవిని బాగా గుచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్‌కు డిస్టార్షన్, అంటే ధ్వనిని కావాలని గరుకుగా చేసే ఏర్పాటు, పెట్టినప్పుడు తరంగం పై అంచులు తెగి, మూలధ్వనిలో లేని అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఎన్నో పుడతాయి. అందువల్ల మూడు నాలుగు స్వరాల తీగలను ఒక్కసారిగా మీటితే అంతా కలగాపులగమవుతుంది. రాక్ గిటారిస్టులు రెండే స్వరాలను, మన లెక్కలో షడ్జ పంచమాలను (స, ప), పట్టుకోవడానికి కారణం ఇదే. ఆలోచిస్తే తంబుర చేసే పనీ అదే. గాంధారం ఏది, నిషాదం ఏది అన్నది గాయకుడికి వదిలేసి, గిటార్ కింద ఆధారంగా నిలుస్తుంది. అందుకే రాగానికీ రాక్‌కూ పొత్తు కుదరడం వింత కాదు, బెంగళూరు బ్యాండ్ అగం ఆ పని ఏళ్లుగా చేస్తున్నది. అయితే మన కుర్రవాళ్లు మూడో పాటను హిందోళ రాగంలో కట్టారు. హిందోళంలో పంచమమే లేదు. ఆ రాగం పాడేటప్పుడు తంబురను మధ్యమానికి శ్రుతి చేసుకోవడం సంప్రదాయం. రెండో గిటారిస్టు అలవాటు చొప్పున షడ్జ పంచమాలనే మోగిస్తూ పోవడంతో, గాయకుడు పంచమానికి పక్కనే ఉండే ధైవతం మీద నిలిచిన ప్రతిసారీ కింద నుంచి ఒక పరాయి స్వరం వచ్చి రాసుకుంది. పల్లవిలో మొదటి గిటారిస్టు షడ్జ మధ్యమాలు పట్టుకున్నాడు కాబట్టి సంగతి వారికి తెలియక కాదు, ఒకరికొకరు చెప్పుకోలేదు. వారం రోజుల రిహార్సల్‌లో తేలవలసిన విషయం ఇది.

విరామం తరువాత కచేరీ మారిపోయింది. బేస్ తగ్గింది, గొంతు ముందుకు వచ్చింది, డ్రమ్స్ మోత దెబ్బలుగా విడివడింది. ఆ మార్పు తరువాత వచ్చిన మొదటి పాటే చీమకుర్తి క్వారీల మీద రాసినది. నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఏయే దేశాలలో ఎవరి వంటింటి గట్టుకు చేరుతుందో, దాన్ని కోసినవాడి ఊపిరితిత్తులకు ఏమి చేరుతుందో చెప్పే పాట అది. కోపం ఉన్నా నినాదం లేదు. దాని నడక మిశ్రచాపు, అంటే మూడూ నాలుగూ కలిసిన ఏడక్షరాల తాళం. మొదటి చరణంలో జనం అలవాటు ప్రకారం నాలుగక్షరాలకు చప్పట్లు కొట్టబోయి దారి తప్పారు. డ్రమ్మర్ పాట ఆపకుండానే మొదటి అక్షరాన్నీ నాలుగో అక్షరాన్నీ పెద్ద డ్రమ్ మీద గట్టిగా తన్ని చూపించాడు. రెండో చరణానికి హాలంతా తకిట తకధిమి పట్టుకుంది. తాళం తెలియని శ్రోతను చిన్నబుచ్చకుండా దారిలోకి తెచ్చుకోవడం కచేరీ విద్యలో పెద్ద విషయం, ఈ డ్రమ్మర్‌కు అది పుట్టుకతో వచ్చినట్టుంది.

ఇక ఆ రాత్రికి ప్రాణమైన ఘట్టం నాదస్వరం. ఒంగోలుకు దగ్గరలోని కరవది, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పుట్టిన ఊరు. ఈ ప్రాంతంలో పెళ్లి చూసిన ప్రతివారి చెవికీ నాదస్వరం, డోలు అలవాటే. నిజానికి మైకు లేకుండా ఆరుబయట వినిపించడానికి పుట్టిన ఆ వాద్యం ముందు ఎలక్ట్రిక్ గిటార్ మోత మనకు కొత్తగా అనిపించకూడదు. అతిథిగా వచ్చిన విద్వాంసుడు డోలు కళాకారునితో కలిసి స్టేజీ మీదికి కాకుండా హాలు వెనక తలుపులోంచి, మైకు లేకుండా, గంభీరనాట రాగంలో మల్లారి వాయిస్తూ నడిచి వచ్చాడు. స్వామి ఊరేగింపు బయలుదేరేటప్పుడు వాయించేది మల్లారి. ఆ మర్యాద తెలిసిన పెద్దవాళ్లు కొందరు లేచి నిలబడ్డారు. స్పీకర్లన్నీ ఆపేసిన ఆ కాసేపటిలో, అప్పటిదాకా మమ్మల్ని వేధించిన అదే హాలు నాదస్వరానికి చక్కగా పలికింది, ప్రతిధ్వని దానికి మేలే చేసింది.

అతను స్టేజీ ఎక్కిన తరువాత గిటార్లు కలిశాయి, ఇక్కడ వారి కసరత్తు కనిపించింది. నాదస్వరం శ్రుతి దాని కొలతను బట్టి ఉంటుంది, అప్పటికప్పుడు ఎంతో మార్చుకోవడం కుదరదు. ఇప్పుడు వాడుకలో ఉన్న పెద్ద నాదస్వరం సాధారణంగా, హార్మోనియం మెట్ల లెక్కలో చెబితే, రెండు, రెండున్నర శ్రుతిలో పలుకుతుంది. రెండు గిటార్లనూ, బేస్‌నూ అర స్వరం కిందికి దించుకున్నారు. అలా దించినప్పుడు గిటార్ కింది తీగ నొక్కకుండా మీటితే చాలు, సరిగ్గా రెండున్నర శ్రుతి షడ్జం పలుకుతుంది. ఆ తీగను ఆధారంగా మోగిస్తూ, డిస్టార్షన్ సగానికి తగ్గించి, నాదస్వరం గమకాలు (స్వరాన్ని ఊపి పలికించే తీరులు) తీసుకునేంత చోటు విడిచిపెట్టారు. గంభీరనాటలో పంచమం ఉంది కనుక ఈసారి షడ్జ పంచమాలు ఎక్కడా పొసగకుండా పోలేదు. తరువాత డోలుకూ డ్రమ్స్‌కూ మధ్య జరిగిన సవాలు జవాబు కొంత ఎక్కువసేపు సాగింది. డోలు కళాకారుడు వేసిన ఒక ముక్తాయింపును (ముగింపు దరువును) డ్రమ్మర్ అందుకోలేక నవ్వుతూ దండం పెట్టడం నాకు నచ్చింది. మొదటి గిటారిస్టు మాత్రం నాదస్వరం పలికిన ప్రతి సంగతినీ తానూ వాయించి చూపాలని తాపత్రయపడ్డాడు. మెట్లున్న గిటార్ మీద తీగను లాగి తెచ్చిన గమకం, నాదస్వరం పీకలోంచి ఊపిరితో వచ్చిన గమకం పక్కన తేలిపోతుంది, అందులో అతని లోపమేమీ లేదు. వినడానికి వదిలేసి ఉంటే ఇంకా బాగుండేది.

మూడు రాత్రులకు మూడు పాటల జాబితాలన్న పథకం గురించి. అమెరికన్ బ్యాండ్ ఫిష్ 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి, ఒక్క పాటనూ రెండోసారి ముట్టుకోలేదు. వీరికి స్ఫూర్తి అక్కడిది కావచ్చు. మనకు మాత్రం దాన్ని అర్థం చేసుకోవడానికి అంత దూరం పోనక్కరలేదు. పరిషత్తు నాటక పోటీలలో రోజుకో నాటకం చూడటానికి వరుసగా రాత్రులు కూర్చున్న జనం ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. తేడా ఏమిటంటే పరిషత్తులో ఏ రాత్రి నాటకం ఆ రాత్రికి నిండుగా ఉంటుంది. ఈ బ్యాండ్ తమకు పేరు తెచ్చిన పాటలన్నీ ఆదివారానికి దాచిపెట్టింది. శుక్రవారం జనం అడుగుతూనే ఉన్నారు, గాయకుడు “అది ఆదివారం” అంటూనే ఉన్నాడు. ఒకసారి అంటే నవ్వారు, మూడోసారికి హాలులో చిరాకు తెలిసింది. మూడు రాత్రుల టికెట్టు ధర ఒక్కటే అయినప్పుడు పేరున్న పాటలను మూడు రాత్రులకూ పంచడం న్యాయం. పద్యనాటకంలో వన్స్ మోర్ అడిగితే కాదనని సంప్రదాయం ఉన్న నేల ఇది.

నిర్వహణ విషయాలు క్లుప్తంగా చెబుతాను. ఏడు గంటలకన్న కచేరీ ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది. ఏసీ చాలక పక్క తలుపులన్నీ తెరిచి ఉంచారు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ వాడటానికి తలుపులు మూసిన హాళ్లకు మినహాయింపు ఉంది గాని తెరిచిన తలుపులకు లేదు కనుక పది కొట్టేసరికి ఆపక తప్పలేదు. జాబితాలోని చివరి రెండు పాటలు ఎగిరిపోయాయి, ప్రకటించిన పద్ధతి ప్రకారం అవి తక్కిన రాత్రులలోనూ రావు. హాలు మధ్యలో రెండు అదనపు స్పీకర్లు పెట్టారు, కాని వాటికి ఇవ్వవలసిన ఆలస్యం ఇవ్వలేదు. స్టేజీ నుంచి ఇరవై మీటర్ల దూరానికి ధ్వని చేరడానికి సెకనులో పదిహేడో వంతు పడుతుంది. తీగలో వచ్చే సంకేతం అంతకుముందే స్పీకర్‌ను చేరుతుంది. ఫలితంగా వెనక వరుసలలో ప్రతి డ్రమ్ దెబ్బా రెండుసార్లు వినిపించింది, విరామం తరువాత కూడా దీన్ని సరిచేయలేదు. ముందు వరుసలో స్పీకర్లకు ఎదురుగా చిన్న పిల్లలను కూర్చోబెట్టిన తల్లిదండ్రులను ఎవరూ వారించలేదు. కచేరీ స్థలాలలో పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటరాదనీ, శ్రోతలకు చెవిలో పెట్టుకునే ప్లగ్గులు అందుబాటులో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణాలు ప్రకటించింది. ఇక్కడ గుమ్మంలో పన్నీరు చల్లారు, ప్లగ్గులు ఇవ్వలేదు. మంచినీళ్లు ఉచితం, పార్కింగు విశాలం, మరుగుదొడ్లు శుభ్రం. విరామంలో అమ్మిన మిరపకాయ బజ్జీలు వేడిగా ఉన్నాయి.

శుక్రవారం మొదటి సగానికి అయిదులో రెండు, రెండో సగానికి నాలుగున్నర ఇస్తాను. నాదస్వరం ఉన్న ఆ భాగమొక్కటే రూ.499కి సరిపోతుంది కాబట్టి డబ్బు వృథా అయిందని అనలేను. మొదటి సగం మొత్తం సౌండ్ సరిచేసుకోవడానికి పోయింది కనుక, శుక్రవారం టికెట్టు చూపిన వారికి శనివారం సగం ధరకు ప్రవేశమిస్తే నిర్వాహకుల గౌరవం పెరుగుతుంది. నేను కౌంటరులో ఆ మాట అడిగితే “చూస్తామండి” అన్నారు. శనివారం వెళ్లదలచుకున్నవారు స్టేజీకి మరీ దగ్గరగానూ, మధ్య స్పీకర్లు దాటి వెనకగానూ కూర్చోవద్దు. మిక్సర్ బల్లకు కాస్త ముందు, నడవా పక్క కుర్చీలు అన్నిటికన్నా మేలు. పిల్లలతో వెళ్లేవారు మందుల షాపులో దొరికే చెవి ప్లగ్గులు కొనుక్కుని వెళ్లండి. ఆదివారం టికెట్లు అయిపోయాయి, శనివారానివి నేను బయటికి వచ్చేసరికి ఇంకా ఇస్తున్నారు.