ఇంటికొచ్చి బ్లడ్ తీసే ల్యాబ్ సర్వీస్: సూది గుచ్చేవరకు సూపర్, రిపోర్ట్‌లో "నార్మల్" అన్న ముక్క దగ్గరే మేం దెబ్బతిన్నాం

నా రేటింగ్ 5కి 3. ఆ మూడూ బ్లడ్ తీసుకోడానికి వచ్చిన అబ్బాయికే. ల్యాబ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క ల్యాబ్ గొడవ కాదు, మా బంధువుల దగ్గరున్న ఇంకో రెండు ల్యాబుల రిపోర్టులు తెప్పించుకుని చూశా, అన్నిట్లో అదే తంతు. ఇంట్లో ఒక్కసారైనా హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లు ఉంటే ఇది పూర్తిగా చదవండి.

మా నాన్నకి 67 ఏళ్లు, తెనాలిలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను హైదరాబాద్‌లో. 2022 డిసెంబర్‌లో తెల్లవారుజామున ఎటాక్ వస్తే మా బాబాయ్ కారులో గుంటూరు తీసుకెళ్లాడు, యాంజియో చేసి ఎల్‌ఏడీలో (గుండె ముందువైపు రక్తనాళం) బ్లాక్ ఉందని స్టెంట్ వేశారు. చేరిన రోజు తీసిన బ్లడ్‌లో ఎల్‌డీఎల్ (అందరూ చెడు కొలెస్ట్రాల్ అనేది) 142 ఉంది. ఎటాక్ వచ్చాక ఒకట్రెండు రోజులు గడిస్తే ఈ నంబర్ దానంతటదే తగ్గి కనిపిస్తుందట, అందుకే మొదటి 24 గంటల్లో తీసిందే లెక్క అని ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోమన్నారు. డిశ్చార్జ్ అప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రోసువాస్టాటిన్ 20 రాశారు. ఏడాది తర్వాత కాళ్లు లాగుతున్నాయంటే ఊళ్లో డాక్టర్ దాన్ని 10 చేశారు.

సరే, సర్వీస్ సంగతికొస్తా. 2024 మార్చిలో యాప్‌లో లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ టెస్ట్ బుక్ చేశా, ఇంటికి రావడానికి వేరే చార్జీ లేదు. పొద్దున ఆరున్నర స్లాట్ పెడితే ఆరూ ఇరవైకే గుమ్మం ముందున్నాడు ఆ అబ్బాయి. నాన్న ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో చేతులన్నీ గుచ్చి గుచ్చి నల్లగా కమిలిపోయాయి, అప్పట్నుంచి సూది అంటేనే ఆయనకి బెదురు. ఈ అబ్బాయి ముందు కూర్చుని "బాబాయ్ గారూ, రాత్రి నిద్ర పట్టిందా" అని మాటల్లో పెట్టి, అరచేయి కాసేపు రుద్ది, ఒక్క గుచ్చుతో పని కానిచ్చేశాడట, వాళ్ల ముందే ట్యూబ్ మీద పేరు, వయసు రాసి చూపించి, దూది తీసేయకుండా ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోమని చెప్పి వెళ్లాడు. అమ్మ ఫోన్‌లో ఆ అబ్బాయి గురించే పది నిమిషాలు చెప్పింది. దూరంగా ఉన్న కొడుకుగా నాకు అది చాలా పెద్ద విషయం.

12 గంటలు ఏమీ తినొద్దని మెసేజ్ పెట్టారు, నాన్న ముందురోజు సాయంత్రం ఆరున్నరకే ఇడ్లీ తినేసి పడుకున్నాడు. తర్వాత కార్డియాలజిస్ట్ చెప్పారు, మామూలుగా చేయించుకునే చెకప్‌కి అంత ఉపవాసం తప్పనిసరి కాదట, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) బాగా ఎక్కువ ఉన్నవాళ్లకే కావాలట. షుగర్ టాబ్లెట్లు వేసుకునే పెద్దవాళ్లని అంతసేపు ఖాళీ కడుపుతో ఉంచే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక అసలు విషయం. సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 158, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) 38, ట్రైగ్లిజరైడ్స్ 160, ఎల్‌డీఎల్ 88. పక్కన రిఫరెన్స్ రేంజ్ "100 కంటే తక్కువ" అని ఉంది, యాప్‌లో ఎల్‌డీఎల్ పక్కన ఆకుపచ్చ చుక్క, కింద "నార్మల్". రిపోర్ట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చే డాక్టర్ కాల్ కూడా వచ్చింది, ఆమె కూడా హెచ్‌డీఎల్ కొంచెం తక్కువ, రోజూ నడవండి, మిగతావన్నీ నార్మల్ అని పెట్టేసింది. స్టెంట్ వేయించుకున్నారా అని అడగలేదు. బుకింగ్‌లో కూడా ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

ఇంట్లో అందరం సంబరపడ్డాం. మా పెద్ద మామయ్య వచ్చి రిపోర్ట్ చూసి, అంతా పచ్చగానే ఉందిగా బావా, ఇంకెందుకు రోజూ ఆ మాత్ర, లివర్ పాడవుద్ది అన్నాడు. వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు చదివి చెప్పిన మాట అది, ప్రేమతోనే చెప్పాడు. నాన్న రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు. నాలుగు నెలలు అలాగే నడిచింది.

జులైలో గుంటూరు రివ్యూకి నేనే తీసుకెళ్లా. అక్కడ తీస్తే ఎల్‌డీఎల్ 109. డాక్టర్ గారు మార్చి రిపోర్ట్ కూడా చూసి ఆ 88 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, "ఇది నార్మల్ అని మీకెవరు చెప్పారండీ" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తా. ఆ 100 అనే గీత ఏ జబ్బూ లేని మనిషికి. ఒకసారి ఎటాక్ వచ్చినవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, మొదట ఉన్నదాంట్లో సగానికి సగమైనా తగ్గాలి. యూరప్ వాళ్లు 2019లోనే ఇలా పెట్టారు, మన కార్డియలాజికల్ సొసైటీ కూడా 2024 గైడ్‌లైన్స్‌లో అదే 55 చెప్పింది. మా నాన్న లెక్కలో 142కి సగం అంటే 71, అంటే మార్చిలో వచ్చిన 88 ఏ రకంగా చూసినా సరిపోదు. స్టెంట్ వేసింది ఒక్కచోటే కదా, మిగతా నాళాల గోడల్లో కూడా ఈ కొవ్వు పేరుకుంటూనే ఉంటుంది, మాత్ర దానికోసం అన్నారు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు, 1994లోనే స్కాండినేవియాలో 4,444 మంది గుండె రోగుల మీద సిమ్వాస్టాటిన్ పరీక్షించారు, ఐదేళ్ల పైచిలుకు చూస్తే మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ 39 తగ్గిన ప్రతిసారీ ఎటాక్, స్ట్రోక్ లాంటివి ఐదోవంతు దాకా తగ్గుతాయని ఆ తర్వాత చాలా ట్రయల్స్ కలిపి లెక్కేశారు. 88కీ 55కీ మధ్య ఉన్న 33 చిన్న తేడా కాదని అప్పుడు తెలిసింది నాకు.

కాళ్ల నొప్పులకి కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే టెస్ట్ చేయించారు, బాగానే ఉంది, నొప్పి మోకాళ్ల అరుగుదల వల్ల అని తేలింది. రోసువా మళ్లీ 20 చేసి దాంతోపాటు ఎజెటిమైబ్ 10 కలిసిన ఒకే మాత్ర రాశారు. మొదటిది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీ తగ్గిస్తుంది, రెండోది పేగులో పీల్చుకోకుండా ఆపుతుంది.

ఇంకోటి కూడా ఈ సర్వీస్ గురించి చెప్పాలి. ఆ ఎల్‌డీఎల్ వాళ్లు నేరుగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. 158లోంచి 38 తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదోవంతు 32 తీసేస్తే 88. 1972 నాటి ఫ్రైడ్‌వాల్డ్ ఫార్ములా అది, మామూలుగా పర్లేదు కానీ ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పనికిరాదు, ఎల్‌డీఎల్ బాగా కిందికొచ్చిన వాళ్లలో ఉన్నదానికంటే తక్కువ చూపించే అవకాశం ఉంది. రిపోర్ట్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "కాలిక్యులేటెడ్" అని ఉంది, అంతే.

పైగా యాప్ తెరిస్తే చాలు 80 టెస్టుల ఫుల్ బాడీ ప్యాకేజ్ అంటూ వెంటపడతారు, గుండె పేషెంట్‌కి జీవితంలో ఒక్కసారైనా చేయించాల్సిన "లైపోప్రోటీన్ (a)" అనే టెస్ట్ మాత్రం ఆ ప్యాకేజ్‌లో లేదు. డాక్టర్ రాస్తే విడిగా డబ్బు కట్టి చేయించాం. 50 లోపు ఉండాల్సింది నాన్నకి 74 వచ్చింది. ఇది తిండివల్ల వచ్చేది కాదు, దాదాపు మొత్తం వారసత్వమే, అందుకని నన్నూ చెల్లినీ కూడా చేయించుకోమన్నారు. చెల్లికి మామూలుగా ఉంది, నాది 61. నాకు 38 ఏళ్లు. ఇప్పుడు నా ఎల్‌డీఎల్ కూడా చూపించుకుంటున్నా.

ల్యాబ్‌కి పెద్ద మెయిల్ రాశా. బుక్ చేసేటప్పుడు ఎటాక్ వచ్చిందా, స్టెంట్ ఉందా అని ఒక్క ప్రశ్న అడగండి, ఉందంటే ఆ ఆకుపచ్చ చుక్క తీసేసి "మీ టార్గెట్ మీ డాక్టర్‌ని అడగండి" అని రాయండి, చాలు అన్నా. రిఫరెన్స్ రేంజ్‌లు స్టాండర్డ్ ప్రకారమే ఇస్తున్నాం, ఫీడ్‌బ్యాక్‌కి థాంక్స్ అని జవాబొచ్చింది. అక్కడే రెండు స్టార్లు పోయాయి.

మందు మార్చిన ఆరు వారాలకి మళ్లీ వీళ్లతోనే చేయించా, ఎందుకంటే నాన్న వేరేవాళ్లతో సూది వేయించుకోనన్నాడు. మొత్తం 112, హెచ్‌డీఎల్ 39, ట్రైగ్లిజరైడ్స్ 110, ఎల్‌డీఎల్ 51. అమ్మ ఆ రిపోర్ట్ ప్రింట్ తీయించి, డాక్టర్ గారు పెన్నుతో గీసిన పాత కాగితం పక్కనే ఫ్రిజ్ మీద అంటించింది. మాత్ర డబ్బా ఇప్పుడు అమ్మ దగ్గరుంటుంది, రాత్రి అన్నం తిన్నాక ఆవిడే చేతిలో పెడుతుంది, మామయ్య వచ్చినా సరే.