ముక్కు ఆల్టరేషన్: సిలికానా, చెవా, పక్కటెముకా?

అల్లిపురంలో నాది లేడీస్ టైలరింగ్ షాపు. కొత్త జాకెట్టు కుట్టడం కంటే, ఇంకొకరు కుట్టి పాడుచేసినదాన్ని సరిచేయడం ఎంత తలనొప్పో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. లోపల మార్జిన్ వదిలి ఉంటే కుట్లు విప్పి సర్దేస్తాం. మార్జిన్ కూడా కత్తిరించి పారేసి ఉంటే, చీరలోంచి అదే గుడ్డ ఓ ముక్క తెమ్మని కస్టమర్‌ని అడుగుతాం. నా ముక్కు ఆ రెండో రకం కేసని రామ్‌నగర్‌లో డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలీదు.

తొమ్మిదేళ్ళ కిందట వేరే ఊళ్ళో ముక్కు మీద ఎత్తు తీయించుకున్నాను. లోపల రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ కూడా వంకరగా ఉందని అదీ సరిచేశారు. రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత మధ్యలో నొక్కినట్టు పల్లం పడింది, కొన కిందికి దిగింది. అందం సంగతి అలా ఉంచండి, గట్టిగా గాలి పీలిస్తే కుడి ముక్కు గోడ లోపలికి అతుక్కుపోయేది. మా పనిలో గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కొలతలు సర్దుతాం. నోటితో ఊపిరి తీసేవాళ్ళకి అది కుదరదు. సూదుల దిండు మణికట్టుకి కట్టుకుని నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. తెల్లారి లేచేసరికి గొంతు ఎండిపోయి మాట పెగలని పరిస్థితి వచ్చాకే రెండో ఆపరేషన్ మాటెత్తాను.

ముగ్గురి దగ్గరికి వెళ్ళాను. మొదటాయన బయటినుంచి చూసి, "సిలికాన్ ముక్క పెట్టేద్దాం, గంటలో అయిపోతుంది, ఇంకెక్కడా కోయక్కర్లేదు" అన్నారు. చౌక కూడా. నిజం చెప్పొద్దూ, మనసు అటే లాగింది. రెండో చోట ఐదు నిమిషాల్లో పంపేశారు. మూడో ఆయనే ఆ రామ్‌నగర్ డాక్టరు గారు. సాయంత్రం 6 గంటల టోకెన్‌కి 8:40కి పిలిచారు. ఆ విసుగుతోనే లోపలికి వెళ్ళాను, బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఆయన చేసిన మొదటి పని నా బుగ్గని రెండు వేళ్ళతో పక్కకి లాగి గాలి పీల్చమనడం. బుస్సున వెళ్ళింది. తర్వాత సన్నటి పుల్లలాంటిది లోపల పెట్టి గోడని కాస్త ఎత్తి పట్టుకుని మళ్ళీ పీల్చమన్నారు. మళ్ళీ వెళ్ళింది. "చూడమ్మా, దారి మూసుకుపోలేదు. గోడ నిలబడటం లేదు. దీనికి బక్రం కావాలి" అన్నారు. కాలరు నిలబడటానికి లోపల వేసే గట్టి గుడ్డే బక్రం. నా వృత్తి అడిగి తెలుసుకుని అన్న మాటే గానీ, నాకు సూటిగా తగిలింది. దూదిపుల్లతో మధ్య గోడని నొక్కి చూపించారు. కార్టిలేజ్ (చెవి డొప్పలో ఉండేలాంటి లేత ఎముక) ఉండాల్సిన చోట మెత్తగా ఊగిపోతోంది. మామూలుగా ముక్కుకి అతుకులు ఆ గోడలోంచే తీస్తారట. అది తిన్నగా ఉంటుంది, వేరే చోట కోయక్కర్లేదు. పైనా ముందూ సెంటీమీటరు వెడల్పు పట్టీ వదిలి మిగతాది వాడుకోవచ్చు. నాకు ఆ పట్టీయే సన్నబడిపోయింది. అంటే మార్జిన్ లేదు.

ఇక గుడ్డ ఎక్కడినుంచి? చెవి డొప్పలోంచి తీస్తే చెవి ఆకారం పెద్దగా మారదు, నొప్పీ తక్కువ. కానీ అది వంపుగా, మెత్తగా ఉంటుంది. పక్క గోడకి, కొనకి బాగుంటుంది గానీ ముక్కు దూలాన్ని నిలబెట్టేంత బిగువు ఉండదు. సిలికాన్ గురించి అడిగితే ఆయన దాన్ని తిట్టలేదు, అది నాకు నచ్చింది. ఎప్పుడూ కత్తి తగలని ముక్కుకి వాడేవాళ్ళు చాలామంది ఉన్నారన్నారు. శరీరం దాని చుట్టూ సంచిలాంటి పొర కడుతుందే తప్ప తనలో కలుపుకోదు. అందుకని జరగొచ్చు, చీము పట్టొచ్చు, ఏళ్ళ తర్వాత కూడా చర్మాన్ని పలచబరిచి బయటికి రావచ్చు. ఒకసారి కోసిన చర్మానికి రక్తం సరిగ్గా అందదు కాబట్టి నాలాంటి ముక్కులో ఆ భయం ఇంకా ఎక్కువ. సన్న రంధ్రాలుండే మెడ్‌పోర్ అనే ప్లాస్టిక్ ఉంది, అందులోకి కండ అల్లుకుంటుంది. తేడా వచ్చి తీయాల్సి వస్తే అదే ఇబ్బంది. చనిపోయినవాళ్ళ పక్కటెముకని శుద్ధి చేసి వాడే పద్ధతీ ఉందట. ఛాతీ మీద కోత తప్పుతుంది, కానీ కొందరిలో కొన్నేళ్ళకి కరిగి తగ్గిపోతుంది.

మిగిలింది నా పక్కటెముకే. కావలసినంత కార్టిలేజ్ దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది. దాని లోపం ఏమిటంటే చెక్కాక వంగుతుంది. 1958లోనే గిబ్సన్, డేవిస్ అని ఇద్దరు డాక్టర్లు దీని కారణం రాశారట: పై పొరలోనూ లోపలా లాగుడు వేరువేరుగా ఉంటుంది, ఒక పక్కే చెక్కితే రెండో పక్క లాగేస్తుంది. అందుకని మధ్య భాగం తీసుకుని, రెండు వైపులా సమానంగా చెక్కి, సెలైన్‌లో వేసి కాసేపు ఆగి, ఎటు వంగిందో చూసి మళ్ళీ చెక్కుతారు. నాకు నవ్వొచ్చింది. లైనింగ్ గుడ్డ కత్తిరించే ముందు రాత్రంతా బకెట్లో నానబెట్టి ఆరేసేది ఇందుకే కదా. తడిపి కుంచించుకోనిచ్చి కత్తిరించే దర్జీని నమ్మొచ్చనిపించింది. అక్కడే ఒప్పేసుకున్నాను.

నాకు 41 ఏళ్ళు. వయసుతో ఆ కార్టిలేజ్ సున్నంలా గట్టిపడుతుంది కాబట్టి ముందు సీటీ స్కాన్ తీయించారు. అక్కడక్కడ మచ్చలున్నా పనికొస్తుందన్నారు. ఆపరేషన్ నాలుగున్నర గంటలు పట్టింది. పక్కటెముక కార్టిలేజ్ తీశాక ఆ గుంటలో నీళ్ళు పోసి, ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టి, బుడగలు వస్తాయేమో చూస్తారట, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు. ఇది విని మా ఆయన తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ కోతలోనే కండరం మీది తెల్లటి పొర తీసి, అతుకుల అంచులు పైకి కనపడకుండా దూలం మీద పరిచారు. జాకెట్టుకి లైనింగ్ అన్నమాట.

ఇప్పుడు తిట్లు. "ఛాతీ కొంచెం నొప్పిగా ఉంటుంది" అన్నారు. అది కొంచెం కాదు. మత్తు దిగిన రెండో రోజు దగ్గు వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండె ఎడమ వైపు కాబట్టి కుడి వైపే తీస్తారట. మంచిదే, కానీ నేను కత్తెర పట్టేది కుడి చేత్తో. ఐదు వారాలు కటింగ్ బల్ల మీదికి వంగలేకపోయాను, పెళ్ళిళ్ళ సీజన్ ఆర్డర్లు పక్కింటమ్మాయికి ఇచ్చేశాను. ఈ లెక్క ముందే చెప్పి ఉంటే ఆషాఢంలో చేయించుకునేదాన్ని. ముక్కు మీద కళ్ళజోడు ఆనకూడదని కూడా డిశ్చార్జి రోజే చెప్పారు. చత్వారం ఉన్న దర్జీకి కళ్ళజోడు లేకపోతే ఎలా? దాని వంతెనని తెల్ల ప్లాస్టరుతో నుదుటికి అంటించుకుని కూర్చున్నాను, షాపుకొచ్చిన పిల్లలు నవ్వుకుని పోయారు.

బిల్లు సంగతీ అంతే. 1,85,000 అన్నారు, 2,14,000 అయింది. సీటీ, మందులు ప్యాకేజీలో లేవట. అందం కోసం చేసేదానికి ఇన్సూరెన్స్ రాదు, అది తెలిసిందే. ఊపిరి కోసం చేసిన భాగానికైనా ఇవ్వమని కాగితాలు పెడితే మూడు నెలలు తిప్పి కాదన్నారు.

ఇంకొకటి, ముక్కు కొన ఇప్పుడు గట్టిగా ఉంటుంది. నవ్వినా కదలదు. మా చిన్నాణ్ణి ముద్దుపెట్టుకుంటే "అమ్మా, గుచ్చుకుంటోంది" అంటాడు. దీని గురించి ముందు ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే "అవునమ్మా, అలాగే ఉంటుంది" అన్నారు, అంతే.

అయినా అయిదుకి నాలుగిస్తాను. పద్నాలుగు నెలలైంది. వాపు పూర్తిగా తగ్గడానికే ఏడాది పైన పట్టింది, తొందరపడి అద్దం ముందు ఏడవకండి. దూలం తిన్నగా ఉంది, ఛాతీ మచ్చ జాకెట్టు కింద కనపడదు, నోరు మూసుకుని నిద్రపోతున్నాను. గుండుసూదులు మళ్ళీ పెదాల మధ్యకి వచ్చాయి, ఆ దిండు మా అసిస్టెంటు పిల్లకి ఇచ్చేశాను.

ముక్కుపుడక ఒకటే తేలలేదు. ఆపరేషన్‌కి తీయించారు, రంధ్రం సగం పూడింది. "బోసి ముక్కుతో ఎన్నాళ్ళే?" అని మా అత్తమ్మ పండగొచ్చినప్పుడల్లా అడుగుతుంది. ఇంకో ఆరు నెలలు ఆగి, కంసాలి దగ్గర కాకుండా తన దగ్గరే కుట్టించుకోమన్నారు డాక్టరు గారు. పుడక మిషను సొరుగులో, బాబిన్ల డబ్బాలో ఉంది.