క్లాప్ పెట్టె: వెనెజువేలా సర్కారు సరుకుల మీద సమీక్ష

2016లో అప్పటి అధ్యక్షుడు మదురో ప్రభుత్వం క్లాప్ (స్థానిక సరఫరా, ఉత్పత్తి కమిటీలు) పేరుతో మొదలుపెట్టిన రేషన్ పెట్టె ఇది. బియ్యం, పాస్తా, మొక్కజొన్న పిండి, పప్పు, నూనె, చక్కెర, పాలపొడి, కొన్నిసార్లు ట్యూనా డబ్బాలు. ఏవి వస్తాయో తెరిస్తేగానీ తెలియదు. డబ్బు వీధి కమిటీకి ముందే కట్టాలి, పెట్టె మాత్రం వాళ్ల దయ. చెప్పిన గడువుకు వచ్చేది అరుదు.

బియ్యం, పాస్తా ఫర్వాలేదు. అసలు చిక్కు పిండిదే. అరెపా రొట్టెకు ముందే ఉడికించి ఆరబెట్టిన మొక్కజొన్న పిండి కావాలి: 2 కప్పుల పిండికి సుమారు 2½ కప్పుల నీళ్లు, ఉప్పు, 5 నిమిషాలు నాననివ్వాలి. పెట్టెలో తరచూ వచ్చింది మెక్సికో పిండి. అది సున్నపు నీళ్లలో ఉడికించిన గింజలది, టోర్టియాకు (మెక్సికో పల్చటి రొట్టె) పనికొస్తుంది. దాంతో అరెపా చేస్తే అంచులు పగులుతాయి, రుచీ వేరే. అరెపాకు సరిపోయే ముందే ఉడికించిన పిండి దొరికితే సగం సగం కలపండి.

పెట్టెలో వచ్చే పాత ఎండు చిక్కుడు గింజలు ఎంతకీ ఉడకవు. గ్యాసే దొరకని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రాత్రంతా చిటికెడు వంటసోడాతో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించాలి.

పాలపొడిని మాత్రం నమ్మొద్దు. 2018లో వెనెజువేలా కేంద్ర విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే కొన్ని బ్రాండ్లలో కాల్షియం బాగా తక్కువ, సోడియం ఎక్కువ అని తేలింది. పసిపిల్లలకు పాల పేరుతో దాన్ని పంచడం క్షమించరానిది. పాస్తాలోకో సాస్‌లోకో వాడుకోండి, పిల్లల పాలసీసాలో పొయ్యకండి.