భీమవరంలో ఆదివారం కార్డుల టేబుల్: అద్దె డెక్కులతో మూడు గేములు

రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం రావాలంటే నాకు ఆదివారం సగం ప్రయాణానికే పోతుంది. రొయ్యల చెరువుల మీద పని, దొరికేది ఆ ఒక్క రోజే. అయినా ఇక్కడి షాపులో కార్డు గేమ్ ఆడటానికి ఈ నెలలో మూడుసార్లు వచ్చాను.

కింద మొబైల్ కవర్లు అమ్ముతారు, మేడ మీద గదిలో నాలుగు టేబుళ్లు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ (జీవులు, మంత్రాల కార్డులతో ఎదురెదురుగా ఆడే గేమ్) ఆడటానికి మనిషికి 50 రూపాయలు. మన దగ్గర కార్డులు లేకపోతే ఆ డబ్బులోనే డెక్ (ఆడే కార్డుల కట్ట) కూడా ఇస్తారు. అన్నీ పాపర్ డెక్కులు, అంటే కామన్‌గా అచ్చయిన కార్డులతోనే కట్టిన 60 కార్డుల డెక్కులు. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు.

పోయిన వారం నేను నీలం-నలుపు కంట్రోల్ డెక్ (ఎదుటివాడి ఆటని అడ్డుకుంటూ సాగేది) తీసుకున్నాను. ఎదురుగా నర్సాపురం కుర్రాడు, గోడల కాంబోతో, అంటే కొన్ని కార్డులు కలిస్తే ఒక్కసారిగా గెలిచే డెక్‌తో. యాక్స్‌బేన్ గార్డియన్‌కి తోడు ఇంకో డిఫెండర్ (దాడికి వెళ్లని, గోడలాంటి జీవి) ఉంటే అది రెండు మానా (కార్డులు వేయడానికి ఖర్చు పెట్టే శక్తి) ఇస్తుంది. దాని మీద ఫ్రీడ్ ఫ్రమ్ ద రియల్ అనే కార్డు పడితే ఒక నీలం మానాతో మళ్లీ అన్‌ట్యాప్ అవుతుంది, అంటే ఇంకోసారి వాడుకోవచ్చు. ప్రతిసారీ ఒకటి మిగులుతుంది కాబట్టి ఇక మానాకి అంతుండదు. ఆపైన వాలకుట్ ఇన్వోకర్ వచ్చి ఎనిమిది మానాకి మూడు చొప్పున కొడుతుంది. ఏడు దెబ్బలకి ఎదుటివాడి 20 లైఫ్ అయిపోతుంది.

మొదటి గేములో గార్డియన్ దిగగానే కాస్ట్ డౌన్‌తో చంపేశాను. అతను డ్రిఫ్ట్ ఆఫ్ ఫాంటజమ్స్‌ని ట్రాన్స్‌మ్యూట్ చేసి, అంటే దాన్ని పడేసి అదే ఖరీదున్న కార్డుని డెక్‌లోంచి వెతికి, ఇంకో గార్డియన్ తెచ్చుకున్నాడు. నా చేతిలో ఎదుటివాడు వేసే స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ ఉంది కానీ పనికిరాలేదు, ట్రాన్స్‌మ్యూట్ స్పెల్ (వేసే కార్డు) కాదు, కార్డుకున్న ఎబిలిటీ. పైగా గార్డియన్, ఫ్రీడ్, ఇన్వోకర్ మూడింటి ఖరీదూ డ్రిఫ్ట్‌లాగే మూడే కాబట్టి ఆ ఒక్క కార్డుతో ఏది కావాలంటే అది దొరుకుతుంది. నేను ఉన్న మానా అంతా గుర్మాగ్ యాంగ్లర్ అనే పెద్ద జీవి మీద పెట్టి కూర్చున్నాను. గేమ్ పోయింది.

మధ్యలో షాపాయన వచ్చి, "తమ్ముడూ, రాగానే చంపకు. దాని మీద ఫ్రీడ్ వేసినప్పుడు చంపు" అన్నారు. రెండో గేములో అదే చేశాను. ఫ్రీడ్ ఇంకా స్టాక్‌లో ఉండగానే (పని చేయడం మొదలవకముందే) కాస్ట్ డౌన్ వేస్తే టార్గెట్ పోయి ఫ్రీడ్ కూడా గ్రేవ్‌యార్డ్‌కే (వాడేసిన కార్డుల కుప్పకే) వెళ్లింది. నా ఒక కార్డుకి అతనివి రెండు కార్డులు. ఫ్రీడ్ కూర్చున్నాక వేస్తే లాభం లేదు, అతని దగ్గర ఒక్క నీలం మానా ఉన్నా నా స్పెల్‌కి జవాబుగానే కాంబో అంతా తిప్పేస్తాడు. సైడ్‌బోర్డ్ (గేముల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) నుంచి తెచ్చిన డ్యూరెస్‌తో ఇంకో ఫ్రీడ్‌ని అతని చేతిలోంచే తీసేశాను. ఆ గేమ్ గెలిచాను.

మూడోది నేను పోగొట్టుకున్నదే. మానా అంతా ఖర్చయిపోతే చచ్చిపోతానన్న టెన్షన్‌తో యాంగ్లర్‌ని చివరిదాకా దాచాను. మొదటి ఫ్రీడ్‌ని కౌంటర్ చేశాను. రెండోది వచ్చేసరికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటికి నా గ్రేవ్‌యార్డ్‌లో ఆరు కార్డులు ఎప్పుడో దాటాయి. యాంగ్లర్‌కున్న డెల్వ్ అనే ఎబిలిటీతో వాటిని తీసేస్తే దానికి ఒక్క నలుపు మానా చాలు, కౌంటర్‌స్పెల్‌కి రెండు నీలాలు అలాగే ఉండేవి. "అన్నా, అది నాలుగు టర్న్‌ల ముందు వేసుంటే నాకు రెండో ఫ్రీడ్ వెతుక్కునే టైం ఉండేది కాదండి" అన్నాడా కుర్రాడు. కాంబోతో ఆడేటప్పుడు ఆట ఎంత సాగితే కంట్రోల్‌కి అంత మంచిదనుకున్నాను నేను. ముక్కలు పోగు చేసుకోవడానికి ఆ టైం అతనికీ దొరుకుతోందని అప్పుడు తెలిసింది.

షాపు సరిచేసుకోవాల్సినవీ ఉన్నాయి. కంట్రోల్ డెక్ స్లీవ్స్ (కార్డుల తొడుగులు) చిరిగిపోయాయి, సైడ్‌బోర్డ్‌లో 15కి 13 కార్డులే ఉన్నాయి. ఈ ఉక్కకి మెరిసే ఫాయిల్ కార్డులు వంకర తిరిగి, బొత్తిలో ఏది ఎక్కడుందో కనిపెట్టేలా ఉన్నాయి. మామూలు కార్డులు పెట్టమని అడిగితే "ఆయ్, మారుస్తానండి" అన్నారు. ఎనిమిదింటికి మూసేస్తారు, దూరం నుంచి వచ్చేవాళ్లు మూడింటికల్లా టేబుల్ దగ్గర ఉండండి.

ఐదుకి నాలుగు స్టార్లు. వచ్చే ఆదివారం గోడల డెక్ నాకు ఉంచమని చెప్పి వచ్చాను.