వ్యానులో మిషను, ఫోనులో మెకానిక్: ఆరేళ్ల అనుభవం

కార్పెట్లు శుభ్రం చేసే మా మిషను గంటల మీటరు 4,200 దాటింది. 2018 అక్టోబరులో కొన్నాం. డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, అలెన్, ఫ్రిస్కో ఊళ్లలో ఇళ్లకూ, జనం ఖాళీ చేసిన అపార్టుమెంట్లకూ కార్పెట్ శుభ్రం చేయడం నాకూ మా బావమరిదికీ బతుకుతెరువు. ఈ పనిలోకి దిగాలనుకునే మనవాళ్లు ఫోను చేసి "ఏ కంపెనీ మిషను మంచిది" అని అడుగుతుంటారు. నేనూ ఆరోజు అదే అడిగి కొన్నాను. అమ్మేవాడి గురించి మాత్రం ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు.

వ్యానులో అమర్చే ఈ మిషన్లు రెండు రకాలు. వ్యాను ఇంజనుతోనే నడిచేది ఒకటి. సొంత ఇంజనుతో వచ్చి, వ్యానులోకి ఎక్కించి బోల్టులతో బిగించేది రెండోది. మొదటిదానికి చప్పుడు తక్కువ, లోపల చోటు ఎక్కువ. కానీ వ్యాను షెడ్డుకు వెళితే మిషనూ దానితోపాటే వెళ్లి కూర్చుంటుంది. అందుకని రెండోదే తీసుకున్నాం, వ్యాను ఖరీదు కాక 21 వేల డాలర్లు అయింది. నిరుడు పాత వ్యాను మూలపడితే మిషనును దించి కొత్తదానిలో బిగించుకున్నాం. ఆ ఒక్కరోజు పనితో నా ఎంపిక సరైనదేనని తేలింది.

పనితనానికి వంక పెట్టను. పంపు వేడినీటిని చదరపు అంగుళానికి 400 పౌండ్ల (పీఎస్‌ఐ) ఒత్తిడితో కార్పెట్‌లోకి చిమ్ముతుంది, బ్లోయర్ ఆ నీటిని మురికితో సహా వెనక్కి లాగి ట్యాంకులో పోస్తుంది. మూడో అంతస్తుకు 150 అడుగుల గొట్టం లాగినా కార్పెట్ సాయంత్రానికి ఆరిపోతుంది. అంతకుముందు మేము మెట్లెక్కి మోసిన చిన్న మిషనుతో మర్నాడు కూడా కాలికి తడి తగిలేది. వేడి మాత్రం కరపత్రంలో రాసినంత రాదు. 230 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాశారు. జనవరిలో గొట్టం చివర కొలిస్తే 180 దగ్గర ఆగింది. ఇందులో నీటిని కాచే పొయ్యి ఏదీ లేదు, ఇంజను పొగలోనూ బ్లోయర్ వదిలే గాలిలోనూ వృథాగా పోయే వేడినే పట్టి నీటికి ఎక్కిస్తుంది. బయట చలీ, గొట్టం పొడవూ రెండూ దాన్ని తినేస్తాయి.

పసుపు మరక పోకపోతే మిషనును తిట్టకండి. దాని మీద క్షారం ఉన్న మందు పడితే పారాణిలా ఎర్రబడుతుంది. మొదటిసారి ఒక తెలుగువారింట్లోనే అలా జరిగి, ఆ ఇంటావిడ ముందు తలెత్తలేకపోయాను. పెరాక్సైడ్ వేసి, ఎండ తగలనిస్తే తగ్గుతుంది.

ఇక్కడి నీటిలో సున్నం ఎక్కువ. ఇడ్లీ పాత్ర అడుగున పేరుకునే తెల్లటి పొరే మిషను సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. సున్నాన్ని పట్టే సాఫ్టెనర్‌ను మొదటిరోజే పెట్టుకోవాలి. మేము రెండేళ్లకు పెట్టాం.

ఇక డీలరు కథ. 2019 జులైలో, అపార్టుమెంట్లు వరుసగా ఖాళీ అయ్యే రోజుల్లో, ఒక ఉదయం ఇంజను నడుస్తోంది, గాలి లాగుతోంది, నీటికి మాత్రం ఒత్తిడి లేదు. డీలరు ఇంజను వేగం తగ్గిందన్నాడు. వారంటీ కాగితం తీసి చదివితే అందులో ఉన్నది ఒక వారంటీ కాదు, మూడు. ఇంజనుకు దాన్ని తయారుచేసినవారు, బ్లోయర్‌కు మరొకరు, మిగతాదానికి మిషను కంపెనీ. ఇంజను సర్వీసు కేంద్రానికి తీసుకెళితే అంతా సవ్యంగా ఉందని తేల్చి పంపారు. అప్పుడు డీలరు పంపు పోయిందన్నాడు, కొత్తది రావడానికి మూడు వారాలన్నాడు, ఆ తరువాత ఫోను ఎత్తడమే మానేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

పదకొండో రోజు నేరుగా తయారీ కంపెనీకే ఫోను చేశాను. పెద్దవయసు మెకానిక్ ఒకాయన ఎత్తారు. ఫోను పంపు దగ్గర పెట్టి స్విచ్చు వేయమన్నారు. "టక్కుమని వినబడిందా?" "లేదండీ." కరెంటు అందగానే టక్కుమని పంపును ఇంజనుకు కలిపే క్లచ్ తీగల దగ్గర వోల్టులు కొలవమన్నారు. పన్నెండు వస్తున్నాయి. "అయితే పంపు బాగానే ఉంది, క్లచ్ కాయిల్ కాలిపోయింది" అన్నారు. మూడో రోజుకు భాగం ఇంటికి వచ్చింది, నలభై నిమిషాల్లో మార్చాం. "నలభై నిమిషాల పనికి రెండు వారాలా బావా?" అన్నాడు బావమరిది. చేజారిన పనులు ఎన్నో లెక్క రాశాను గాని ఇక్కడ చెప్పను, మళ్లీ కడుపు మండుతుంది.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో తప్పు సగం నాదే. గ్యారేజీలో వ్యాను పక్కన కరెంటు హీటరు పెట్టి పడుకున్నాం. రాత్రి కరెంటు పోయింది. లోపలి నీరు గడ్డకట్టి పంపు తల, వేడి ఎక్కించే గొట్టం రెండూ పగిలాయి. గడ్డకట్టి పగిలితే వారంటీ వర్తించదు, 2,300 డాలర్లు చేతి నుంచి పెట్టుకున్నాం. నీరు గడ్డకట్టకుండా ఆపే యాంటీఫ్రీజ్ ఎక్కించమని మిషను పుస్తకంలో ఉంది. "టెక్సస్‌లో దాని అవసరం రాదు" అని మిషను అప్పగించిన రోజు డీలరు నోటితో చెప్పాడు. నేను పుస్తకం వదిలేసి ఆ మాట పట్టుకున్నాను.

ఇదే మిషను మళ్లీ కొంటారా అంటే కొంటాను. అదే డీలరు దగ్గరా అంటే, ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇప్పుడు సామాను కోసం నలభై మైళ్లు నడిపి మరో దుకాణానికి వెళుతున్నాం. అక్కడ క్లచ్, బెల్టులు, పంపు సీళ్లు అరలో కంటికి కనిపిస్తాయి. మీరు కొనేముందు ఆ అర చూపించమనండి. ఒక శనివారం సాయంత్రం వారి సర్వీసు నంబరుకు ఫోను చేసి ఎవరెత్తుతారో చూడండి.

మేము రోజూ చేసేదల్లా ఒకటే: పని ముగిశాక బ్లోయర్ నోట్లో కాస్త నూనె చిమ్మి, తుప్పు పట్టకుండా నిమిషం తిప్పి ఆపడం. అయినా గత నెల బ్లోయర్ బేరింగు దగ్గర సన్నగా కీచుమనడం మొదలైంది. ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి ఆ పెద్దాయనకే పంపాను. నూనె మార్చి వంద గంటలు నడిపాక మళ్లీ పంపమని జవాబిచ్చారు. ఇంకా అరవై గంటలుంది.